ఇంటి పనుల అమ్మకందారులు ఒత్తిడి చేసినప్పుడు: సంతకానికి ముందు, సంతకం తరువాత

విశాఖపట్నంలో సొంత ఇల్లు ఉన్నవారికి ఇంటి మీద ఖర్చు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. సముద్రం మీది ఉప్పుగాలికి కిటికీ గ్రిల్లులు తుప్పు పడతాయి, వానాకాలంలో డాబా నుంచి గోడల్లోకి చెమ్మ దిగుతుంది, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు పగిలిన అద్దాలను చూసినవారికి కిటికీల గట్టితనం గురించిన బెంగ ఇప్పటికీ పోలేదు. యూపీవీసీ కిటికీలు, వాటర్‌ప్రూఫింగ్, మాడ్యులర్ కిచెన్, ఆర్వో యంత్రం, డాబా మీద సోలార్ పలకలు, బాల్కనీకి పావురాల వల అమ్మేవారు తలుపు తట్టినప్పుడు మనం వారి మాట వినడానికి కారణం ఈ అవసరాలు నిజమైనవి కావడమే. వస్తువు మంచిదే కావచ్చు, ధర కూడా సరైనదే కావచ్చు; అయినా ఆలోచించుకునే వ్యవధి లేకుండా ఒక్క సాయంత్రంలో తీసుకున్న సంతకం, అడ్వాన్సు కలిసి ఎన్నో కుటుంబాలను నెలల తరబడి తిప్పలు పెడుతున్నాయి.

అందుకని అన్నింటికంటే ముందు ఒక చట్ట విషయాన్ని స్పష్టంగా తెలుసుకోవాలి. ఇంటికి వచ్చి అమ్మినవారికి ఇచ్చిన ఆర్డరును, కారణం చెప్పకుండా, ఇన్ని రోజుల్లోపల రద్దు చేసుకోవచ్చు అనే సాధారణ హక్కు మన దేశంలో లేదు. అమెరికాలో ఇంటి దగ్గర జరిగే అమ్మకాలకు మూడు పనిదినాల గడువు ఉంది. బ్రిటన్‌లో దుకాణం వెలుపల కుదిరిన చాలా ఒప్పందాలకు 14 రోజుల గడువు ఉంది, అక్కడ కూడా కొలతలు తీసి ప్రత్యేకంగా చేయించిన వస్తువులకు అది వర్తించదు. పిల్లలు ఆ దేశాల్లో ఉండి ఫోనులో ధైర్యం చెప్పినంత మాత్రాన ఆ గడువు మన ఊరి ఒప్పందానికి రాదు. బీమా పాలసీకి 30 రోజుల ఫ్రీ లుక్ గడువు ఉన్నది కదా, కిచెన్ ఆర్డరుకు కూడా అలాంటిదే ఉంటుందిలే అని అనుకోవడం కూడా పొరపాటే.

హక్కులు ఏవీ లేవని దీని అర్థం కాదు. మోసపుచ్చి, తప్పుడు వివరాలు చెప్పి, లేదా బలవంతంగా తీసుకున్న సమ్మతితో కుదిరిన ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలు భారత ఒప్పందాల చట్టం, 1872 ఇస్తోంది. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోకపోవడాన్ని, బిల్లు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అనుచిత వ్యాపార పద్ధతులుగా పేర్కొంటోంది. అయితే ఇవన్నీ నిరూపించుకోవలసిన హక్కులు. మనసు మార్చుకునే హక్కు కావాలంటే దానిని సంతకానికి ముందే మీ ఆర్డరు కాగితం మీద మీరే రాయించుకోవాలి. ఆ వాక్యం ఎలా ఉండాలో కింద చెబుతాను. దానికి ముందు గుమ్మం దగ్గరి సంగతి చూద్దాం.

గుమ్మం దగ్గర

తెలియని మనిషి వచ్చినప్పుడు గ్రిల్ తలుపు వేసి ఉంచే మాట్లాడండి. పేరు, సంస్థ పేరు, వచ్చిన పని అడిగి గుర్తింపు కార్డు చూపించమనండి. పంపిణీదారుల గొలుసు ద్వారా వస్తువులు అమ్మే సంస్థలకు వర్తించే ప్రత్యక్ష విక్రయ నియమాలు, 2021 ప్రకారం గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా సమయం లేదా అనుమతి తీసుకోకుండా విక్రేత వినియోగదారుని ఇంటికి రాకూడదు. వచ్చిన వెంటనే తానెవరో, దేనికి వచ్చాడో అడగకుండానే చెప్పాలి. ఆర్డరును రద్దు చేసుకోవడం గురించి, తిరిగి అమ్మడానికి పనికివచ్చే స్థితిలో వస్తువును వాపసు ఇచ్చి పూర్తి సొమ్ము పొందడం గురించి ఆర్డరు ఫారంలోనే తెలియజేయాలి. వంటపాత్రలు, నీటి శుద్ధి యంత్రాలు ఇలా గొలుసు పద్ధతిలో అమ్మేవారు ఎదురైనప్పుడు ఈ నియమాలను పేరు పెట్టి ప్రస్తావించండి. జీతానికి పనిచేసే సేల్స్ ఉద్యోగిని పంపే కిటికీల సంస్థకు ఇవే నియమాలు వర్తించకపోవచ్చు. కానీ కార్డు చూపమని అడిగే స్వేచ్ఛ మీకు ఎవరి విషయంలోనైనా ఉంది.

“మేము జీవీఎంసీ నుంచి వచ్చాము, నీళ్లు పరీక్షిస్తాము” అని నగరపాలక సంస్థ పేరు చెప్పేవారో, “కరెంటు ఆఫీసు వాళ్లం, సోలార్ సర్వే చేస్తున్నాము” అనో చెప్పేవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అలా చెప్పిన వ్యక్తి కాసేపటికి ఆర్డరు పుస్తకం బయటికి తీస్తే ఆ పరిచయం అబద్ధమని గ్రహించి మాటలు అక్కడితో ఆపండి. అవసరమైతే ఆ కార్యాలయానికి మీరే ఫోన్ చేసి కనుక్కోండి. వచ్చిన మనిషి ఇచ్చిన నంబరుకు మాత్రం చేయకండి.

నిరాకరించేటప్పుడు కారణాలు చెప్పకపోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. మన ఇళ్లలో మొహమాటం ఎక్కువ. ఎండలో తిరిగి వచ్చిన కుర్రవాడిని ఊరికే పంపలేక “ఇప్పుడు డబ్బులు లేవు బాబూ” అంటాము. వెంటనే ఈఎంఐ ఉందని చెబుతాడు. “మా అబ్బాయిని అడగాలి” అంటే, ఇప్పుడే ఫోన్ కలపండి, నేను మాట్లాడతాను అంటాడు. ప్రతి కారణానికీ వారి దగ్గర నేర్పిన సమాధానం ఒకటి ఉంటుంది. “మంచినీళ్లు తాగి వెళ్లు బాబూ, వచ్చిన రోజున సంతకం పెట్టడం మా ఇంట్లో లేదు. కొటేషన్ ఇచ్చి వెళ్లు, కావాలంటే మేమే ఫోన్ చేస్తాము” అన్న మాటకు సమాధానం దొరకదు. అదే మాటను రెండోసారి, మూడోసారి కూడా ఏ మార్పూ లేకుండా చెప్పండి. వెళ్లమన్న తరువాత కూడా కదలకపోయినా, బెదిరింపు ధోరణిలో మాట్లాడినా వాచ్‌మన్‌ను, పక్క ఫ్లాటు వారిని పిలవండి. 112కు ఫోన్ చేయడానికి వెనుకాడకండి.

పిల్లలు హైదరాబాదులోనో విదేశాల్లోనో ఉండగా ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, ఉక్కునగరం వంటి చోట్ల ఒంటరిగా ఉంటున్న విశ్రాంత ఉద్యోగుల మీద ఈ ఒత్తిడి ఎక్కువగా పడుతుంది. పగటిపూట ఇంట్లో ఉండేది వారే, పదవీ విరమణ సొమ్ము ఉన్నదీ వారి దగ్గరే. పెద్దవారిని మందలించడం వల్ల ప్రయోజనం లేదు. మోసపోయినా చెప్పుకోవడానికి భయపడతారు. ఒక నిర్ణీత మొత్తం దాటిన ఏ ఖర్చుకైనా ఇద్దరు కలిసి మాట్లాడుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలన్న పద్ధతిని ఇంట్లో అందరికీ, పిల్లలకు కూడా, ఒకేలా పెట్టుకోండి.

తరచుగా కనిపించే ఎత్తులు

“ఈ ధర ఇవాళ సాయంత్రం వరకే” అన్నది అన్నింటిలోకి పాతది. ముందు పెద్ద ధర చెప్పి, ఇష్టపడకపోతే మేనేజరుకు ఫోన్ చేసినట్టు మాట్లాడి, మీ కోసం ప్రత్యేకంగా అంటూ గణనీయంగా తగ్గిస్తారు. అంత తగ్గించగలిగిన ధర మొదట ఎందుకు చెప్పారన్నదే మీరు వేసుకోవలసిన ప్రశ్న. అదే ధరను సంస్థ ముద్రతో, 15 రోజులు చెల్లుతుందని రాసి ఇమ్మని అడగండి. నిజాయతీగా వ్యాపారం చేసేవారు ఇస్తారు. “మీ పైన మూడో అంతస్తు వాళ్లు కూడా మా దగ్గరే చేయించుకున్నారు” అంటే మెట్లెక్కి వెళ్లి వారినే అడిగి రండి.

నీటి పరీక్ష గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనికి చదువుకున్నవారు కూడా భయపడిపోతున్నారు. ఒక గ్లాసులో మీ కుళాయి నీరు, మరో గ్లాసులో ఆర్వో నీరు పోసి, రెండింటిలో లోహపు కడ్డీలున్న పరికరం పెట్టి కరెంటు పంపుతారు. కుళాయి నీరు క్షణాల్లో గోధుమరంగుకు తిరిగి మడ్డి తేలుతుంది, ఆర్వో నీరు తేటగా ఉంటుంది. కుళాయి నీటిలో సహజంగా కరిగి ఉన్న లవణాల వల్ల కరెంటు పారి, ఆ ఇనుప కడ్డీయే కరిగి ఆ రంగు వస్తుంది. ఆర్వో నీటిలో లవణాలు చాలా తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, రంగు మారదు. చిటికెడు ఉప్పు కలిపితే ఆ ఆర్వో నీరు కూడా అలాగే మారుతుంది. నీటిలో సూక్ష్మక్రిములు, విషపదార్థాలు ఉన్నాయో లేవో ఈ ప్రదర్శన చెప్పదు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కరిగిన ఘనపదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యమే. బోరు నీరు వాడే ఇళ్లకు యంత్రం నిజంగా అవసరం కావచ్చు. ఆ అవసరాన్ని ప్రయోగశాలలో చేయించిన పరీక్ష తేల్చాలి.

సోలార్ విషయంలో సబ్సిడీ లెక్క మీకు ముందే తెలిసి ఉంటే సగం ఒత్తిడి తగ్గుతుంది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్య ఘర్ పథకం కింద ఇళ్లకు కేంద్రం ఇచ్చే సహాయం 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు రూ.30,000, 3 కిలోవాట్లు, అంతకు మించిన సామర్థ్యానికి మొత్తం రూ.78,000. దరఖాస్తు జాతీయ పోర్టల్‌లో మీ పేరు మీద ఉండాలి, పని చేసే విక్రేత ఆ పథకంలో నమోదై ఉండాలి, పలకలు బిగించి నెట్ మీటరు (వాడిన కరెంటును, గ్రిడ్‌కు పంపిన కరెంటును రెండింటినీ లెక్కించే మీటరు) అమర్చి తనిఖీ పూర్తయ్యాక సొమ్ము మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. “సబ్సిడీ కోటా రేపటితో అయిపోతుంది, అడ్వాన్సు ఇప్పుడే కట్టండి” అనేవారి పేరు నమోదిత విక్రేతల జాబితాలో ఉందో లేదో పోర్టల్‌లో చూడండి, లేదా మన ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్ కార్యాలయంలో అడగండి.

ఆర్డరు కాగితం

మీ రక్షణ అంతా ఇక్కడే ఉంది కనుక ఎంత సమయం వెచ్చించినా తక్కువే. ముందుగా కొటేషన్ మీద సంస్థ పూర్తి పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు ఉన్నాయేమో చూడండి. ఆ నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన వ్యాపారమైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఉచితంగా వెతికితే ఆ నంబరు ఎవరి పేరు మీద ఉందో, ఇంకా చెల్లుబాటులో ఉందో తెలుస్తుంది. చిరునామా చూసి ద్వారకానగర్‌లోనో గాజువాకలోనో ఉన్నదన్న ఆ షోరూముకు ఒకసారి స్వయంగా వెళ్లి రండి. ఎగ్జిబిషన్ స్టాలులో మాత్రమే కనిపించి ఊళ్లో స్థిరమైన చిరునామా లేని సంస్థకు పెద్ద అడ్వాన్సు ఇవ్వకూడదు.

నోటితో చెప్పిన ప్రతి హామీని కాగితం మీదికి తెప్పించండి. “మంచి ప్లైవుడ్” అన్న మాటకు అర్థం లేదు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ అని, ఏ సంస్థదో, మందం ఎన్ని మిల్లీమీటర్లో రాయాలి. “స్టెయిన్‌లెస్ స్టీలు” అంటే చాలదు. బీచ్ రోడ్డు, రుషికొండ వైపు ఇళ్లకు ఉప్పుగాలిని ఎక్కువగా తట్టుకునే 316 గ్రేడా, మామూలు 304 గ్రేడా అన్నది రాయాలి. కొలతలు చదరపు అడుగుల్లోనా రన్నింగ్ అడుగుల్లోనా, రేటులో జీఎస్టీ, రవాణా, బిగింపు కలిసి ఉన్నాయా, పని ఏ తేదీకి పూర్తవుతుంది, ఆలస్యమైతే ఏమిటి, వారంటీ వస్తువుకా పనితనానికా అన్నవి కూడా ఉండాలి. నమూనా ముక్క చూపించి అమ్మితే దాని మీద ఇద్దరూ సంతకం చేసి మీ దగ్గరే ఉంచుకోండి. సరుకుల విక్రయ చట్టం, 1930 ప్రకారం నమూనా చూపి అమ్మిన సరుకు ఆ నమూనాకు సరిపోవాలి.

ఇక రద్దు వాక్యం. ఆర్డరు ఫారం రెండు ప్రతుల మీద, సంతకాలకు పైన, చేతితో ఇలా రాయించండి: “ఈ ఆర్డరు తేదీ నుంచి 7 రోజుల్లోపల కొనుగోలుదారు లిఖితపూర్వకంగా లేదా వాట్సాప్ ద్వారా తెలియజేసి ఏ కారణమూ చూపకుండా ఆర్డరును రద్దు చేసుకోవచ్చు. అప్పుడు చెల్లించిన అడ్వాన్సు మొత్తాన్ని 10 రోజుల్లోపల అదే బ్యాంకు ఖాతాకు తిరిగి చెల్లిస్తాము. ఈ 7 రోజుల్లో తయారీ మొదలుపెట్టము.” చివరి వాక్యాన్ని వదిలేయకండి. కిటికీ చట్రం కోసేశాము, లామినేట్ తెప్పించేశాము అన్నదే రద్దుకు వచ్చే మొదటి అభ్యంతరం. సేల్స్ మనిషికి దీనిని ఒప్పుకునే అధికారం లేదని చెబితే, అధికారం ఉన్నవారు ఒప్పుకున్నాకే ఆర్డరు ఇస్తామని చెప్పండి. రోజుల సంఖ్య తగ్గించమంటే మూడు రోజులకైనా ఒప్పుకోవచ్చు. అసలు వాక్యమే వద్దంటే ఆ ఆర్డరు ఇవ్వకపోవడమే మేలు.

ముద్రించిన షరతుల్లో “అడ్వాన్సు ఎట్టి పరిస్థితిలోనూ వాపసు ఇవ్వబడదు” అని ఉండటం సాధారణం. దానిని కొట్టివేయించి పక్కన ఇద్దరి పొట్టి సంతకాలు పెట్టించండి. “కంపెనీ ఆమోదానికి లోబడి” అన్న మాట ఉంటే అది మీకు పనికివస్తుంది: అలాంటి ఫారం మీ వైపు నుంచి ప్రతిపాదన మాత్రమే కాబట్టి, వారు ఆమోదం తెలపకముందే దానిని వెనక్కి తీసుకోవడానికి ఒప్పందాల చట్టం 5వ సెక్షన్ వీలిస్తుంది.

అడ్వాన్సు పది శాతం మించకుండా, మిగతాది పని దశలను బట్టి, చివరి పది శాతం పని పూర్తయి సరిచూసుకున్న తరువాత ఇచ్చేలా కుదుర్చుకోవాలని నా సలహా. చెల్లింపు సంస్థ పేరున ఉన్న ఖాతాకే వెళ్లాలి, సేల్స్ మనిషి సొంత యూపీఐకి కాదు. రాబోయే తేదీలు వేసిన చెక్కులు, ఖాళీ చెక్కులు ఇవ్వకండి. తరువాత చెల్లింపు ఆపమని బ్యాంకుకు చెప్పినా చెక్కు బౌన్స్ కేసు ఎదుర్కోవలసి రావచ్చు.

ఈఎంఐ మాట వచ్చినప్పుడు మీ ఫోను వారి చేతికి ఇవ్వకండి, ఓటీపీ చెప్పకండి. “నమోదు చేస్తున్నాను” అంటూ అప్పు దరఖాస్తు పూర్తిచేసేవారు ఉన్నారు. ఆ అప్పు వేరే ఫైనాన్స్ సంస్థతో వేరే ఒప్పందం. కిచెన్ ఆర్డరు రద్దయినా కిస్తీ ఆగదు. రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణ నిబంధనల ప్రకారం రుణదాత కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు ఇవ్వాలి. ఆ గడువులో అసలు, అన్ని రోజులకు అయిన వడ్డీ కట్టి, జరిమానా లేకుండా బయటపడవచ్చు. గడువు ఎంతన్నది రుణంతో ఇచ్చే ముఖ్య వివరాల పత్రంలో ఉంటుంది. అందువల్ల రద్దు చేయాలనుకుంటే ఆ రోజే విక్రేతకూ రుణదాతకూ విడివిడిగా రాయాలి.

సంతకం పెట్టేశాక

మనసు మారితే ఒక్క రోజు కూడా ఆగకండి. ఫోన్‌లో చెప్పి ఊరుకుంటే “మేడమ్, రేపు మేనేజరు గారు మాట్లాడతారు” అంటూ రోజులు గడిపేస్తారు, ఈలోగా సరుకు తయారీకి వెళుతుంది. ఈమెయిల్, వాట్సాప్ రెండింటిలోనూ పంపి, అదే ఉత్తరాన్ని ఆర్డరు ఫారం మీది చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచండి. ఉత్తరం చిన్నదిగా ఉండాలి:

“ఫలానా తేదీన ఫలానా నంబరుతో ఇచ్చిన ఆర్డరును ఈ ఉత్తరం ద్వారా రద్దు చేస్తున్నాను. తయారీ, సరఫరా, బిగింపు పనులు ఏవీ మొదలుపెట్టవద్దు. చెల్లించిన అడ్వాన్సును 10 రోజుల్లోపల నా ఖాతాకు తిరిగి చెల్లించగలరు. ఇప్పటికే ఖర్చు జరిగిందని మీరు భావిస్తే దాని బిల్లులను, తేదీలతో సహా, నాకు పంపగలరు.”

తప్పుడు మాట చెప్పి సంతకం తీసుకుని ఉంటే ఆ మాట ఏమిటో, ఎవరు చెప్పారో ఒక వాక్యంలో చేర్చండి. కోపాన్ని, నిందలను ఉత్తరంలోకి రానివ్వకండి. కేసు వేయవలసి వస్తే రేపు దానిని వినియోగదారుల కమిషన్ చదువుతుంది.

ఆ ఉత్తరంలోని చివరి వాక్యానికి కారణం ఉంది. రద్దు చేస్తే ఇంత మినహాయిస్తామని ఒప్పందంలో రాసి ఉన్నా, ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ ప్రకారం అది గరిష్ఠ పరిమితి మాత్రమే. వారికి దక్కేది అంతకు మించని సహేతుకమైన పరిహారం. బయానాగా ఇచ్చిన చిన్న మొత్తాన్ని వారు ఉంచుకోవడం న్యాయమే కావచ్చు. కొలతలకు మనిషిని పంపినందుకు కొంత ఖర్చును మీరే ఒప్పుకోవడం కూడా సబబు. కానీ మేకు కూడా కొట్టకుండా సగం ధరను ఉంచేసుకుంటామంటే ఒప్పుకోవలసిన పని లేదు. మీ కొలతలకు చట్రాలు నిజంగా తయారైపోయి ఉంటే మాత్రం పరిస్థితి వేరు. అప్పుడు పూర్తి వాపసు కోసం పట్టుబట్టడం కంటే రాజీకి రావడం మంచిది.

పని జరిగి లోపం బయటపడితే అది మనసు మార్చుకోవడం కిందికి రాదు. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులో, లేకపోతే 30 రోజుల్లో, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని సొమ్ము ఇవ్వకపోవడం 2019 చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అని బిల్లు మీద అచ్చు వేసుకున్నా ఆ బాధ్యత తప్పదు. లోపాన్ని తేదీ కనిపించేలా ఫొటోలు తీయండి, వాళ్లు పంపిన మనిషి సరిచేసే ముందూ తరువాతా కూడా తీయండి.

ఫిర్యాదు

పది రోజులు గడిచినా సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు. సంస్థకు ఫిర్యాదు పంపి పరిష్కారం కోసం ప్రయత్నిస్తారు. పేరున్న సంస్థల విషయంలో చాలాసార్లు ఇక్కడే పని అవుతుంది. ఆన్‌లైన్‌లో డబ్బు కాజేసి మాయమైనవారి మీద మాత్రం సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కు వెంటనే ఫోన్ చేయాలి. అక్కడ ప్రతి గంటా విలువైనదే.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌లో కేసు వేయవచ్చు. విక్రేత కార్యాలయం బెంగళూరులో ఉన్నా, మీరు విశాఖలో ఉంటున్నారు కాబట్టి విశాఖలోనే వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది. వస్తువుకు లేదా సేవకు చెల్లించిన సొమ్ము రూ.50 లక్షల వరకు ఉన్న వివాదాలను జిల్లా కమిషన్ వింటుంది, రూ.5 లక్షల వరకు ఫీజు లేదు, రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షల వరకు రూ.200 మాత్రమే. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, న్యాయవాది తప్పనిసరి కాదు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపల వేయాలి. సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న ఆధారాల మీద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. ఒప్పందం షరతులే అన్యాయమైనవని ప్రకటించమని కోరే ఫిర్యాదు మాత్రం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. వస్తువును పరీక్షించవలసిన అవసరం లేని కేసును అవతలివారికి నోటీసు అందిన మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో అంతకంటే ఎక్కువ కాలం పట్టవచ్చునని సిద్ధపడి ఉండండి.

ఫిర్యాదుకు ఆర్డరు ఫారం, కొటేషన్, చెల్లింపు వివరాలున్న బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ సంభాషణల ప్రతులు, రద్దు ఉత్తరం, స్పీడ్ పోస్టు రశీదు, ఫొటోలు తేదీల వరుసలో జతచేయండి. వాట్సాప్ సందేశాలను ఫోన్‌లోంచి చెరిపేయకండి. రాసుకోవడం కష్టమనిపిస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించండి. 15100 నంబరులో వివరాలు దొరుకుతాయి. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి అక్కడ న్యాయసహాయం ఉచితం.